పండబెట్టి చూస్తున్న గుండె

మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ఎడ్ల బండలాగుడు చూడనివాళ్లు మన ప్రాంతంలో అరుదు. అక్కడ ఎద్దును కట్టుగొయ్యకు కట్టేసి, మూపురం తడిమి, గంగడోలు నిమిరి గెలిచిందని ఎవరూ ప్రకటించరు. ముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు. రెండు పళ్ల జత ఒక విభాగం, నాలుగు పళ్లది ఇంకొకటి, ఆరు పళ్లది మరొకటి. వయసును బట్టి బండ మారుతుంది. కాడి కట్టి, గడియారం పట్టుకుని, ఇచ్చిన నిమిషాల్లో బండ ఎన్ని అడుగులు జరిగిందో టేపు పరిచి కొలుస్తారు. ఎక్కడ నురగ కక్కింది, ఎక్కడ ముందుకాలు తడబడింది, ఎక్కడ నిలబడిపోయి మళ్లీ అందుకుంది, అన్నీ గట్టు మీద కూచున్న రైతు కంటికి తెలుస్తూనే ఉంటాయి. ఆ జత ఖరీదు తేలేది అక్కడే.

అదే రైతు, అదే హమాలీ తన సంగతికి వచ్చేసరికి ఏమవుతుంది? "నాలుగు బస్తాలు ఎత్తేసరికి దమ్మొస్తుంది సార్" అంటాడు. వెంటనే పండబెడతారు. బల్ల మీద వెల్లకిలా పండబెట్టి, చొక్కా విప్పించి, జెల్లు రాసి, తీగలు అంటించి "కదలొద్దు" అంటారు. పది సెకన్ల గుండె గీత కాగితం మీదికి వస్తుంది. "ఈసీజీ నార్మల్. గ్యాస్ అయి ఉంటుంది" అని ఒక గోలీల పట్టీ రాస్తారు. పండుకుంటే దమ్ము వస్తోందని అతను అననే లేదు. ఎత్తితే వస్తోందన్నాడు. అతను చూపించిన చోటు ఒక్కటి వదిలేసి మిగతా చోట్లన్నీ వెతికి, ఏమీ దొరకలేదని రాసి సంతకం పెట్టే పద్ధతి ఇది.

ఎద్దుకు ఉన్న పరీక్ష మనిషికి లేకపోవడం మీదే ఈ అభియోగం.

నేరేడుచర్ల ఎలాంటి ఊరో ఈ పేజీ చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, ఆరోగ్యశాఖ ఫైళ్లు చూసేవాళ్లకు చెప్పాలి. మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే దారిలో, సాగర్ ఎడమ కాల్వ నీళ్లతో బతికే ఊరు. 1967లో సాగర్ నీళ్లు పారినప్పటి నుంచి ఇక్కడి బతుకంతా వడ్ల చుట్టూ తిరుగుతోంది. వడ్లు పండించేవాళ్లు, కోసేవాళ్లు, ఐకేపీ కొనుగోలు కేంద్రాల్లో కాంటా వేసేవాళ్లు, లారీలకు ఎత్తేవాళ్లు, మిల్లుల్లో దించేవాళ్లు. ముఠాల లెక్కన పని, బస్తా లెక్కన కూలి. నలభై కిలోల వడ్ల బస్తా వీపున వేసుకుని, వాలుగా పెట్టిన చెక్క మీదుగా లారీలోకి ఎక్కి దించి రావడం ఒక తిప్ప. ఏప్రిల్, మే ఎండల్లో రోజుకు అలాంటివి ఎన్ని తిప్పలో ముఠా మేస్త్రి పుస్తకంలో ఉంటాయి. వైద్యుడి కేసు షీటులో ఉండవు. ఇలాంటి మనిషి గుండెను విశ్రాంతిలో చూసి తీర్పు ఇవ్వడమంటే, వానాకాలం నిండుగా పారుతున్న కాల్వను చూసి చివరి భూములకు నీళ్లు అందుతున్నాయని నివేదిక రాయడం లాంటిదే.

ఆ కాల్వ పోలికను ఇంకొంచెం సాగదీయొచ్చు. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం సగం పూడినా, పండుకున్న మనిషికి ఏ లోటూ తెలియదు. అప్పుడు అవసరం తక్కువ, తూములో సగం నీరు చాలు. డెబ్బై కిలోల మనిషి ఊరికే కూచుంటే నిమిషానికి పావు లీటరు ప్రాణవాయువు సరిపోతుంది. గుండె నిమిషానికి ఐదు లీటర్ల రక్తం తోడుతుంది. బస్తా ఎత్తగానే ఆ రక్తం లెక్క మూడింతలు, నాలుగింతలు కావాలి. నాట్ల అదునులో అందరూ ఒకేసారి తూములు ఎత్తినప్పుడే చివరి మడి ఎండుతుంది. కాల్వ లోపం బయటపడే రోజు అదే. అందుకే గుండెను దాని నాట్ల అదునులో చూడాలి.

అలా చూసే పరీక్ష ఒకటి ఉంది. పేరు పొడుగు, కార్డియోపల్మనరీ ఎక్సర్‌సైజ్ టెస్ట్. డాక్టర్లు పొట్టిగా సీపెట్ అంటారు. రోగిని సైకిల్ లాంటి యంత్రం మీద కూచోబెట్టి, ముక్కూ నోరూ కప్పేలా మాస్కు బిగిస్తారు. ఛాతీకి ఈసీజీ తీగలు, చేతికి బీపీ పట్టీ, వేలికి క్లిప్పు. తొక్కమంటారు. పెడలు బరువు నిమిష నిమిషానికీ కొంచెం కొంచెం పెరుగుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాల్లో మనిషి ఇక నా వల్ల కాదనే దాకా తీసుకుపోతారు. ఈలోగా అతను పీల్చిన ప్రతి శ్వాసలో ఎంత ఆక్సిజన్ వాడుకున్నాడో, వదిలిన ప్రతి శ్వాసలో ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందో యంత్రం లెక్క రాస్తుంది.

మన పట్టణాల్లో తెలిసిన టీఎంటీకీ దీనికీ ఉన్న తేడా అంతా ఆ మాస్కులోనే ఉంది. ట్రెడ్‌మిల్ టెస్టు నడిపించి ఈసీజీ గీత వంగిందా లేదా చూస్తుంది. గీత వంగితే పాజిటివ్, వంగకపోతే నెగెటివ్. ఆ తీర్పు చాలాసార్లు తప్పుతుంది కూడా, ఆడవాళ్లలో మరీ ఎక్కువ. సీపెట్ అడిగే ప్రశ్న వేరు. ఈ మనిషి ఒళ్లు ఎంత పనికి గాలి అందించగలదు? అందించలేని చోట లోపం ఎక్కడ: గుండెలోనా, ఊపిరితిత్తుల్లోనా, రక్తంలోనా, కండల్లోనా, లేక కేవలం కదలక తుప్పు పట్టడమా? మనస్ఫూర్తిగా తొక్కాడా, భయపడి ముందే ఆపేశాడా అన్నది కూడా దాస్తే దాగదు. వదిలిన కార్బన్ డయాక్సైడ్ వాడిన ఆక్సిజన్‌ను దాటి ఒకటీ పదో వంతు దాకా పోతే మనిషి నిజంగా గట్టిగా శ్రమపడ్డాడని అర్థం.

మిల్లులో పెద్ద షాఫ్టు, దాని మీద బెల్టులు, ఆ బెల్టులతో తిరిగే యంత్రాలు చూసినవాడికి ఈ పరీక్ష వెంటనే బోధపడుతుంది. బియ్యం తక్కువ పడుతున్నాయంటే మోటారు చెడిందో, బెల్టు జారుతోందో, రాయి అరిగిందో ఆగి ఉన్న మిల్లులో తేలదు. నడిపించి, వడ్లు పోసి చూడాలి. ఈ శాస్త్రంలో పెద్దతల అనదగ్గ కార్ల్‌మన్ వాసర్‌మన్ కండరాన్ని, గుండెను, ఊపిరితిత్తులను ఒకదానికొకటి పళ్లు కలిసిన మూడు చక్రాలుగానే బొమ్మ గీశాడు. ఆక్సిజన్ చాలక ఒళ్లు అప్పు మీద నడవడం మొదలుపెట్టే గడపను రక్తం తీయకుండా ఊపిరిలోనే పట్టుకోవచ్చని గుండె రోగుల మీద చూపించి 1964లోనే ప్రకటించాడు. అంటే ఇది నిన్నో మొన్నో పుట్టిన వింత కాదు. అరవై ఏళ్ల పాతది.

ఇంకా వెనక్కి పోతే 1920లలో ఇంగ్లండులో ఆర్చిబాల్డ్ హిల్ అనే శాస్త్రవేత్త గడ్డి మైదానం చుట్టూ తానే పరుగెత్తాడు, వదిలిన గాలిని పట్టే సంచి వీపున కట్టుకుని. మనిషి ఒంటికి ఆక్సిజన్ వాడకంలో ఒక పైహద్దు ఉంటుందన్న మాట ఆ సంచిలోంచి వచ్చింది. మన హమాలీ వీపున సంచికీ ఆ సంచికీ దూరం ఎంత! కండరం పని గురించి హిల్ నమ్మిన లెక్కను తలకిందులు చేసిన వాళ్లలో మనవాడు ఒకడున్నాడన్నది కూడా మరవకూడదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత 1929లో ఏటీపీని బయటపెట్టాడు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. జరిగింది విప్లవమని హిల్ స్వయంగా రాశాడు. బస్తా ఎత్తే కండ దేనితో నడుస్తుందో ప్రపంచానికి చెప్పినవాళ్లలో ఒక తెలుగువాడు ఉండి వందేళ్లు కావస్తున్నా, తెలుగు నేల మీద బస్తా ఎత్తేవాడి కండకు ఎంత గాలి అందుతోందో కొలిచే దిక్కు లేదు.

ఇక సర్కారు సంగతి.

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు చూడాలని అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమం చెబుతోంది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక పత్రం నింపుతుంది. అందులో ఒక ప్రశ్న: వారానికి కనీసం నూట యాభై నిమిషాలు శారీరక శ్రమ చేస్తారా? రోజుకు పది గంటలు బస్తాలు మోసేవాణ్ని ఈ ప్రశ్న అడగవలసి రావడంలోని హాస్యం ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. అదే పత్రంలో ఇంకో ప్రశ్న ఊపిరాడకపోవడం గురించి. దానికి అవును అని టిక్కు పెట్టినవాడు ఎక్కడికి పోవాలి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. అక్కణ్నుంచి హుజూర్‌నగర్, మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రులకు. ఆ తర్వాత సూర్యాపేట. మెట్టు మెట్టుకూ మళ్లీ అదే బల్ల, అదే పండబెట్టడం. 2018లో హైదరాబాదులో మొదలై 2021లో జిల్లాలకు విస్తరించిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ వల్ల రక్త, మూత్ర పరీక్షల ఖర్చు పేదవాడికి తప్పింది. నిజంగా మంచి పని. కానీ రక్తం సీసాలో పట్టుకుని సూర్యాపేట పంపవచ్చు గానీ, ఆయాసాన్ని సీసాలో పట్టి పంపలేం కదా.

2019లో సూర్యాపేటకూ నల్లగొండకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, ఒక్కోదానిలో నూట యాభై సీట్లు. ఈ విషయంలో మనల్ని బాగా కుదిపే సంగతి ఒకటి అక్కడుంది. మొదటి ఏడాది ఎంబీబీఎస్ ఫిజియాలజీలో ప్రతి విద్యార్థీ హార్వర్డ్ స్టెప్ టెస్టు నేర్చుకోవాలి. ఇరవై అంగుళాల ఎత్తున్న పీట, నిమిషానికి ముప్పై సార్లు ఎక్కి దిగడం, ఐదు నిమిషాలు, తర్వాత నాడి లెక్క. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో తయారైన పరీక్ష. పీట తప్ప ఖర్చు లేదు. రికార్డు పుస్తకంలో బొమ్మ గీసి, సంతకం పెట్టించుకుని, పరీక్ష రాసి, ఆ పిల్లాడు డాక్టరవుతాడు. ఆ తర్వాత జీవితాంతం ఒక్క రోగిని కూడా పీట ఎక్కించడు. అంటే గుండెను శ్రమలో చూడాలన్న సంగతి మన వైద్యానికి తెలియక కాదు. పద్దెనిమిదేళ్ల వయసులో నేర్పి, ఇరవై మూడేళ్లకు మరిపించే చదువు మనది. తెలియనివాణ్ని క్షమించవచ్చు. తెలిసి మరిచినవాడి మీదే అభియోగం.

ఆరోగ్యశ్రీ దగ్గరికి వద్దాం. 2007లో మొదలైన ఈ పథకం లేకపోతే మన మండలంలో ఎన్ని ఇళ్లు పొలాలు అమ్ముకునేవో. 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలకు పెంచారు. స్టెంట్లు, బైపాస్‌లు, వాల్వులు అందులో ఉన్నాయి. అయితే ఆ పథకం పుట్టుకే ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్స కోసం. మంచం ఎక్కితే డబ్బు వస్తుంది, సైకిలు ఎక్కితే రాదు. యాంజియోగ్రామ్‌లో నాళం ఎంత శాతం పూడిందో బొమ్మతో సహా అడుగుతుంది. ఈ మనిషి చికిత్సకు ముందు ఎంత పని చేయగలిగాడు, తర్వాత ఎంత చేయగలుగుతున్నాడు అన్న లెక్క దానికి అక్కర లేదు. గొట్టానికి కొలత ఉంది, మనిషికి లేదు.

ఆ లెక్క అడిగితే ఏమవుతుందో ఇంగ్లండులో ఒకసారి చూశారు. 2017లో వెలువడిన ఆర్బిటా అధ్యయనం అది. ఒక నాళంలో గట్టి పూడిక ఉండి, నడిస్తే ఛాతీ నొప్పి వచ్చే రెండు వందల మందిని తీసుకుని, సగం మందికి స్టెంటు వేశారు. మిగతా సగానికి మత్తిచ్చి, స్టెంటు వేసినట్టే నమ్మించి, వేయలేదు. అందరికీ మందులు సరిగ్గా ఇచ్చారు. మన సీపెట్ పరీక్ష అక్కడ భాగం. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద స్టెంటు పడినవాళ్ల నడక సమయం, పడనివాళ్లకు పెరిగినదాని కంటే పదహారు సెకన్ల పైచిలుకు మాత్రమే ఎక్కువ పెరిగింది. అది గణాంకాల్లో నిలబడే తేడా కాదు. 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనంలో ఐదు వేల మందికి పైగా ఉన్నారు. స్థిరంగా ఉన్న గుండె జబ్బులో, మంచి మందులు వాడుతున్నవాళ్లకు, ముందే స్టెంటో బైపాసో చేసినంత మాత్రాన చావులు తగ్గలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు ఉపశమనం మాత్రం దొరికింది. న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి: 2023లో వచ్చిన రెండో ఆర్బిటా, మందులు పెద్దగా వాడని వాళ్లలో స్టెంటు నొప్పిని తగ్గిస్తుందని చూపింది. హార్ట్ అటాక్ వచ్చిన మనిషికి స్టెంటు ప్రాణదాత, అందులో రెండో మాట లేదు. ఛాతీలో నొప్పితో చెమటలు పట్టినవాడు ఈ సంపాదకీయం చదువుతూ కూచోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మన అభ్యంతరమంతా రెండో రకం రోగి విషయంలోనే, అంటే నిలకడగా ఉండి, పని చేస్తే ఆయాసపడేవాడి విషయంలో.

అలాంటివాడికి మన పట్టణాల్లో జరిగేది అందరికీ తెలుసు. ఆదివారం ఫంక్షన్ హాలులో ఉచిత గుండె వైద్య శిబిరం. ఫ్లెక్సీ, రిబ్బను, మైకు. లైనులో నిలబెట్టి ఈసీజీ, కొందరికి టూడీ ఎకో. "కొంచెం తేడా ఉంది, హైదరాబాద్ వచ్చి చూపించుకోండి" అని ఒక కార్డు. అన్ని శిబిరాలూ ఇలాంటివని అనడం లేదు. గుండె కవాటాల జబ్బున్న పిల్లల్ని పట్టి కాపాడినవీ ఉన్నాయి. కానీ ఏ శిబిరంలోనైనా డాక్టరు రోగిని హాలు ఆ చివరి నుంచి ఈ చివరికి ఆరు నిమిషాలు నడిపించి చూశాడా? హాలు ఉంది. రోగి ఉన్నాడు. గడియారం ఉంది. నడకకు బిల్లు లేదు, అంతే తేడా. స్టెంటుకు 2017లో జాతీయ ఔషధ ధరల సంస్థ పరిమితి పెట్టింది, మందు పూసిన స్టెంటు ధర దాదాపు ముప్పై వేలకు దిగింది. ధరకు హద్దు గీశారు. అవసరానికి హద్దు ఇంతవరకూ ఎవరూ గీయలేదు.

పత్రికల పాత్రను కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. ఆ రిబ్బన్లు కత్తిరించే ఫొటోలు వేసేది మనమే. ఎంతమందిని చూశారని అడిగి రాస్తాం. ఏం చూశారని అడగం.

పేరున్నవాళ్లు పోయినప్పుడు మరీ విడ్డూరం. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ నలభై ఆరేళ్లకు, 2022 ఫిబ్రవరిలో మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి యాభై ఏళ్లకు, 2023లో కుప్పం పాదయాత్రలో కుప్పకూలిన నటుడు తారకరత్న ముప్పై తొమ్మిదేళ్లకు వెళ్లిపోయారు. ప్రతిసారీ వారం పాటు టీవీల్లో జిమ్ము మంచిదా చెడ్డదా అన్న చర్చ. సీపెట్ చేయించి ఉంటే వాళ్లు బతికేవారనడం అబద్ధం, పైగా క్రూరత్వం. ఆకస్మిక మరణాలన్నింటినీ ముందే పట్టే పరీక్ష ఈ భూమ్మీద లేదు. నాళంలో మెత్తటి పూడిక ఒక రాత్రి పగిలితే నిన్నటి సైకిలు రిపోర్టు ఏమీ చేయలేదు. అయితే ఆ చర్చల్లో ఎవరూ అనని మాట ఒకటుంది. మనిషి శ్రమసామర్థ్యం అతని ఆయుష్షును చెప్పే బలమైన గుర్తుల్లో ఒకటి. 2002లో అమెరికాలో ఆరు వేలకు పైగా మగవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో, సామర్థ్యం ఒక్క మెట్ పెరిగితే బతికే అవకాశం పన్నెండు శాతం మెరుగైంది. మెట్ అంటే ఊరికే కూచున్నప్పుడు ఒళ్లు వాడే గాలి, కిలో బరువుకు నిమిషానికి మూడున్నర మిల్లీలీటర్లు. దీన్ని కూడా నాడి, బీపీ లాగా ప్రాణసూచికల్లో చేర్చాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. మన కేసు షీట్లలో నాడి, బీపీ, ఉష్ణోగ్రత గళ్లున్నాయి. ఈ గడి లేదు.

విచిత్రం ఏమిటంటే, సర్కారుకు శ్రమ పరీక్ష పెట్టడం బాగా తెలుసు. పోలీసు ఉద్యోగానికి మగపిల్లలు పదహారు వందల మీటర్లు ఏడుంపావు నిమిషాల్లో పరుగెత్తాలి. లెక్క వేస్తే అది పన్నెండు, పదమూడు మెట్ల పని. పరుగెత్తేవాడు ఉద్యోగం కావాలనుకునేవాడైతే గడియారం సిద్ధం. అదే పిల్లవాడి తండ్రి ఆయాసపడుతూ ఓపీ చీటీ పట్టుకుని వస్తే గడియారం ఎక్కడికి పోతుంది?

ఆయాసం అన్న ఒక్క మాట వెనక మన దగ్గర ఎన్ని జబ్బులు దాక్కున్నాయో చూస్తే ఈ పరీక్ష విలువ ఇంకా తెలుస్తుంది. ముప్పై ఏళ్లు బీడీ తాగినవాడు, మిల్లులో ఊక దుమ్ము పీల్చినవాడు ఊపిరితిత్తుల వల్ల ఆయాసపడొచ్చు. నాట్లేసే ఆడకూలీకి రక్తం తక్కువై దమ్ము రావొచ్చు. తెలంగాణలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎప్పుడో చెప్పింది. ఆమెకు "నీరసం" అని పేరు పెట్టి ఒక సెలైన్ బాటిల్ ఎక్కిస్తారు. కట్టెల పొయ్యి ముందు సగం బతుకు గడిపిన ముసలమ్మది ఇంకో కథ. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి కవాటం ఇరుకైపోయినవాళ్లది మరొకటి. వీళ్లంతా చెప్పేది ఒకటే మాట, దమ్మొస్తుంది. సైకిలు మీద ఈ ఆయాసాలు వేరు వేరు గీతలు గీస్తాయి. ఊపిరితిత్తి చెడినవాడు ఊపిరి పీల్చే సత్తువంతా ఖర్చు చేసి ఆగుతాడు. గుండె చెడినవాడు ఊపిరి ఇంకా మిగిలి ఉండగానే, ఒక్కో కొట్టుకు పోయే ఆక్సిజన్ పెరగక ఆగుతాడు. గుండె బలహీనమైనవాడు బయటికి పంపే కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కకు మించి గాలి తిప్పుతూ రొప్పుతాడు. ఒక్క అరగంటలో దారి తేలిపోతే, ఏడాది పాటు ఇన్‌హేలరూ గ్యాస్ గోలీలూ గుండె మందులూ ఒకే సంచిలో వేసుకుని తిరగనవసరం లేదు.

గుండె మార్పిడి వరకు పోయినవాళ్ల సంగతి వేరే చెప్పాలి. గుండె బాగా పాడైనవాళ్లలో ఎవరికి కొత్త గుండె వెంటనే కావాలి, ఎవరు మందులతో ఇంకా నడవగలరు అన్నది తేల్చడానికి 1991లో డోనా మాన్సినీ బృందం ఒక గీత గీసింది: కిలోకు నిమిషానికి పద్నాలుగు మిల్లీలీటర్లు. కొత్త మందులు వచ్చాక ఆ గీత కొంత జరిగినా, లెక్క వేసే పద్ధతి నేటికీ అదే. జీవన్‌దాన్ ద్వారా అవయవాలు పంచే రాష్ట్రం మనది. నిమ్స్‌లో పేదవాడికి గుండె మార్చగలిగిన రాష్ట్రం మనది. గుండెను మార్చే స్తోమత ఉంది గానీ, ఉన్న గుండె ఎంతవరకు పనికొస్తుందో జిల్లాలో కొలిచే ఏర్పాటు లేదు. ఆ కొలత కోసం నేరేడుచర్ల మనిషి హైదరాబాదుకు నూట యాభై కిలోమీటర్లకు పైగా బస్సులో పోవాలి. ఆ బస్సు దిగి మెట్రో మెట్లెక్కేసరికే అతని పరీక్ష సగం అయిపోయినట్టు.

యంత్రం ఖరీదైనది అంటారు. నిజమే, లక్షల్లోనే. రోజూ గ్యాసు సిలిండరుతో సరిచూసుకోవాలి, తర్ఫీదు పొందిన టెక్నీషియన్ కావాలి, పక్కన డాక్టరు ఉండాలి, గుండె ఆగితే కరెంటు షాకిచ్చే పెట్టె ఉండాలి. ఇవేవీ లేకుండా ఉత్త యంత్రం కొని ప్రారంభోత్సవం చేస్తే, అది ఆరు నెలల్లో దుప్పటి కప్పుకుని మూల కూచుంటుంది. మన ఆసుపత్రుల మూలల్లో అలాంటి దుప్పట్లు కొత్త కాదు. అందుకని మండలానికొకటి కొనమని ఈ పత్రిక అడగదు. సూర్యాపేట, నల్లగొండ వైద్య కళాశాలల్లో ఏదో ఒకచోట ఒక్కటి, మనుషులతో సహా, వారంలో కచ్చితమైన రోజులతో పెట్టమని అడుగుతోంది. దాని కింద ఏరియా ఆసుపత్రుల్లో కావలసింది యంత్రం కాదు. ముప్పై మీటర్ల వరండా, రెండు కుర్చీలు, ఒక గడియారం. ఆరు నిమిషాల నడక పరీక్షకు ఇంతకు మించి అక్కర్లేదు. గుండె బలహీనమైన మనిషి ఆరు నిమిషాల్లో మూడు వందల మీటర్లు దాటలేకపోతే అతని పరిస్థితి బాగాలేదని ఏ డాక్టరైనా ఒప్పుకుంటాడు. ఆ మనిషిని ముందు పెద్ద ఆసుపత్రికి పంపాలి. దాటినవాడికి పీట, పీట దాటినవాడికి సైకిలు. వరండాకు కూడా బడ్జెట్ లేదనేవాళ్లకు సమాధానం లేదు.

ఇంత చెప్పింది యంత్రం మీద మోజుతో కాదు. చికిత్స అయిపోయాక ఇంటికి వచ్చే ఒక కాగితం గురించి.

స్టెంటు పడిన ప్రతి హమాలీ చేతికీ డిశ్చార్జి షీటు ఇస్తారు. మందుల పట్టిక కింద అచ్చులో ఉంటుంది: బరువు పనులు చేయరాదు. గుమస్తాకూ అదే వాక్యం, మిల్లు ఓనరుకూ అదే వాక్యం, ముఠా హమాలీకీ అదే వాక్యం. గుమస్తాకు అది ఒక జాగ్రత్త. హమాలీకి అది ఉద్యోగం తీసేసిన ఉత్తర్వు. ఎన్ని కిలోలు దాటితే బరువు? ఎన్నాళ్లు? చెక్క ఎక్కొద్దా, కింద కాంటా దగ్గర సంచి పట్టుకోవడం కూడా వద్దా? రాసిన డాక్టరుకు తెలియదు, ఎందుకంటే కొలవలేదు. కొలిస్తే చెప్పొచ్చు. బస్తా భుజాన వేసుకుని లారీ ఎక్కడం ఎనిమిది మెట్ల పైమాట. రోజంతా చేసే పని మనిషి పైహద్దులో మూడో వంతు దాటకూడదన్నది శ్రమ శరీరశాస్త్రంలో పాత లెక్క. సైకిలు మీద ఒకడు ఐదు మెట్ల దగ్గర ఆగాడనుకుందాం. అతను లారీ ఎక్కకూడదు, ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది. సంచులు కుట్టొచ్చు, కాంటా రాయొచ్చు, ఆ సంగతి మేస్త్రికి కాగితం మీద రాసివ్వొచ్చు. ఇంకొకడు పది మెట్లు దాటాడనుకుందాం. అతను మూడు నెలల తర్వాత, మెల్లగా, పూట పనితో మొదలుపెట్టవచ్చు. ఊరికే భయపడి మంచానికి అంటుకుని అప్పులపాలు కానక్కర్లేదు. ఒకణ్ని చావు నుంచి, ఇంకొకణ్ని ఆకలి నుంచి కాపాడే తేడా ఒక్క మాస్కులో ఉంది.

ఇప్పుడు జరిగేది ఇది. యాసంగి వడ్లు కల్లాలకు వస్తాయి. ఐకేపీ కేంద్రం ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. పొద్దున్నే ముఠా మేస్త్రి ఆ ఇంటి ముందు సైకిలు మోటారు ఆపుతాడు. ఇద్దరు తగ్గారు, లారీ నిలబడి ఉంది.

"ఏమన్నరు డాక్టర్లు? కాంటా కాడికి వస్తవా?"

అతను లోపలికి పోయి, ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితాలన్నీ మంచం మీద పరిచి చూస్తాడు. ఈసీజీ ఉంది, ఎకో ఉంది, యాంజియో సీడీ ఉంది, స్టెంటు నంబరుతో సహా కార్డు ఉంది. మేస్త్రి అడిగినదానికి జవాబు ఏ కాగితంలోనూ లేదు. బయట హారను మోగుతుంది. తువ్వాలు భుజాన వేసుకుంటాడు.